ఒక పెట్టె - రెండు గిటార్లు

తెలుగు లెక్చరరు కనబడితే కాలేజీలో ప్రతివారికీ ఒకటే ఆలోచన వస్తుంది: పాఠం చెప్పటం అయిపోయిన తరువాత ఈయనకు ఇంకేం పని వుంటుంది పాపం, అని. భౌతికశాస్త్రం వారికి ప్రయోగశాల వుంది. కామర్సు వారికి లెక్కలున్నాయి. తెలుగు వారికి ఏముంది? అందుచేత వార్షికోత్సవం, వక్తృత్వపు పోటీ, స్వాగతగీతం, శాలువాలు, చివరికి మైకు సెట్టు వారితో బేరం కూడా మా నెత్తినే పడతాయి. మా నెల్లూరు సముద్రతీరాన పనిచేసిన ఏ తెలుగు పంతులును అడిగినా ఈ మాటే చెపుతాడు. ఆ ధర్మాన నాకు ఛందస్సుతోపాటు గిటారు శాస్త్రం కూడా నాలుగు ముక్కలు అబ్బింది.

గిటారు శాస్త్రమంటే వేళ్ళ పని అనుకునేరు. అది నాకు రాదు. నేను చెప్పబోయేది గిటారుకూ స్పీకరుకూ మధ్య కూర్చునే పెట్టెను గురించి. దాన్ని ఆంప్లిఫయర్ మోడలర్ అంటారు. పూర్వం ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు బీరువాలాంటి ఆంప్లిఫయరును వెంట మోసుకు తిరిగేవాడు. వాల్వులు వేడెక్కి, స్పీకరు వణికి పుట్టే ధ్వనిలో ఒక్కొక్క ఆంప్లిఫయరుకు ఒక్కొక్క గుణం. ఆ గుణాలన్నీ లెక్కలుగా మార్చి చిన్న కంప్యూటరులో ఇమిడ్చితే అదే మోడలర్. 1998లో లైన్ సిక్స్ కంపెనీ వారు చిక్కుడుగింజ ఆకారంలో పాడ్ అనే పెట్టెను తెచ్చిన తరువాత సామాన్య వాద్యకారులకు కూడా ఈ సదుపాయం అందింది. ఏ ఆంప్లిఫయరు కావాలి, గెయిన్ ఎంత, ప్రతిధ్వని ఎంత అన్న అమరికలన్నీ ఒక అంకె కింద దాచుకుంటే ఆ అమరికకు ప్రీసెట్ అని పేరు. పాట మారినప్పుడు కాలితో ఒక నొక్కు నొక్కితే చాలు.

మా కాలేజీ ఆర్కెస్ట్రాకు ఇటువంటి పెట్టె ఒకటే వుంది. వాయించేవాళ్ళు ఇద్దరు. మొదటివాడు పట్నం కుర్రాడు. వాళ్ళ నాన్న కొనిపెట్టిన కొత్త గిటారు వాడిది. రెండోవాడు సముద్రపు వొడ్డున పాలెం నుంచి వచ్చేవాడు. ఇంట్లో అందరూ వేటకు వెళ్ళేవాళ్ళే. ఆదివారం చర్చిలో వాయించి నేర్చుకున్నాడు. అన్న దగ్గర నుంచి వచ్చిన పాత గిటారు. ఉప్పుగాలికి దాని మరలన్నీ తుప్పుపట్టినా తంతులు మాత్రం ప్రతిరోజూ గుడ్డతో తుడిచి మెరిపించేవాడు.

మా ప్రాంతంలో ఆర్కెస్ట్రా అంటే బాలసుబ్రహ్మణ్యం గారి పాట లేకుండా జరగదు. 2020లో ఆయన పోయిన తరువాత ఆ పట్టింపు మరీ పెరిగింది. పిల్లలకు తర్ఫీదు ఇవ్వటానికి వచ్చిన పెద్దమనిషి ఆ పాటల కోసం ఓపికగా పన్నెండు ప్రీసెట్లు తయారుచేశారు. తయారుచేసింది పట్నం కుర్రాడి గిటారుతో. వాడు వాయిస్తే హాలు నిండిపోయింది. అదే ప్రీసెట్ మీద పాలెం కుర్రాడు వాయిస్తే పక్కగదిలో ఎవరో మూలిగినట్టుంది. పైగా స్వరం చివర తటాలున తెగిపోయేది. రెండు రోజులు విని ఆయన తీర్పు చెప్పేశారు.

"వీడి చేతిలో బలం లేదండీ. పేరు తీసేయండి."

పేర్ల జాబితా మీద సంతకం నాది. పిల్లవాణ్ణి పిలిచి అడిగాను.

"నేనేం జెప్పేది సార్? నా చేతిలో బలం లేదంట. ఎనిమిదో ఏట్నించి వల లాగతా వుండా," అన్నాడు. కోపం కూడా లేదు ఆ మాటలో. అప్పటికే గిటారు సంచిలో పెట్టేసుకున్నాడు.

వల లాగే చేతికి బలం లేదనటం నాకు అన్వయం కుదరలేదు. కర్త సరిగానే వున్నాడు, క్రియా సరిగానే వుంది. దోషం మధ్యలో ఎక్కడో వుండాలి. ఆ రాత్రి పెట్టెతో వచ్చిన పుస్తకం మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాను. వచ్చిన పుస్తకాన్ని పూర్తిగా చదవటం మా శాఖవారికి వున్న జబ్బు.

విషయం ఇది. ఎలక్ట్రిక్ గిటారు తంతుల కింద పికప్ అనే భాగం వుంటుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకవంటి రాగితీగ వేల చుట్లు చుట్టి దాన్ని తయారుచేస్తారు. ఉక్కు తంతి కదిలితే తీగలో సన్నని విద్యుత్తు పుడుతుంది. ఒకే చుట్ట వున్నదాన్ని సింగిల్ కాయిల్ అంటారు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టరుకు ఇటువంటివి మూడున్నాయి. దాని ధ్వని గాజు గ్లాసును చెంచాతో తాకినంత తేటగా వుంటుంది. అయితే కరెంటు తీగల రొద కూడా దాంట్లో దూరుతుంది. ఆ రొదను పోగొట్టటానికి గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో జతచేసి 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. రొద ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది, తంతి ధ్వని మాత్రం కూడుతుంది. అదే హంబకర్. సింగిల్ కాయిల్ కంటే గట్టి హంబకర్ రెట్టింపు వోల్టేజి ఇవ్వటం మామూలే. రెట్టింపు అంటే సుమారు 6 డెసిబెల్స్. ఇంకా పైకి పోయేవీ వున్నాయి.

పట్నం కుర్రాడిది హంబకర్. పాలెం కుర్రాడిది సింగిల్ కాయిల్. మర్నాడు ఇద్దర్నీ పిలిచి గిటార్లు మార్చుకోమన్నాను. ప్రీసెట్ అదే, పాట అదే. పాలెం కుర్రాడు మీటాడో లేదో కిటికీ అద్దాలు అదిరాయి. పట్నం కుర్రాడు పాత గిటారు పట్టుకుని నాలుగుసార్లు గట్టిగా బాది నివ్వెరపోయాడు.

"ఏంది సార్ ఇది, నా చేతిలోకొచ్చినా మూలుగుతా వుంది!"

తర్ఫీదు ఇచ్చే ఆయన ఏమీ అనలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అది చాలు ననుకున్నాను.

పాత గిటారుకు వాల్యూము పెంచితే పోదా అని మీరనవచ్చు. చివరనున్న వాల్యూము పెంచితే చాలదు. ఆంప్లిఫయరు లోపలి గరగర, ఆ నిండుతనం, లోపలికి వచ్చే విద్యుత్తు ఎంత బలంగా తోస్తే అంతగా పుడతాయి. మోడలర్ కూడా ఆ స్వభావాన్నే అనుకరిస్తుంది. పులుసు పలచనైతే పెద్ద గిన్నెలోకి వొంపినంత మాత్రాన చిక్కబడుతుందా? సరిచేయవలసింది వాకిట్లోనే.

అందుకని మొదట గిటారునే చూశాము. పికప్ పక్కనున్న మరలు తిప్పి దాన్ని తంతులకు కాస్త దగ్గర చేస్తే బలం పెరుగుతుంది. మరీ దగ్గరైతే అయస్కాంతం తంతిని లాగి శ్రుతి చెడగొడుతుంది. కాబట్టి పావు చుట్టు చొప్పున తిప్పుతూ వింటూ ఆగాము. తరువాత పన్నెండు ప్రీసెట్లకూ నకలు తీసి, ఒక్కొక్క నకలులో అన్నిటికంటె ముందు 6 డెసిబెల్స్ పెంపు పెట్టాము. అసలు ప్రీసెట్లను ముట్టుకోలేదు. అవి పట్నం కుర్రాడివి. ఈ నకలు మీద వాడి హంబకర్ తగిలిస్తే తేట స్వరం కూడా చిరిగిన గుడ్డలా పలికింది. అంటే బలమెక్కువైనా అవస్థే. పెట్టె వాకిట్లోనే ఎర్రదీపం వెలిగేంత బలం వచ్చిందంటే ధ్వని అక్కడికక్కడే తెగుతుంది. తరువాత ఎంత తగ్గించినా అతుక్కోదు.

ఇక స్వరం తోక తెగటం. దానికి కారణం నాయిస్ గేట్. ఇది కావలివాడు. ఫలానా మట్టానికి తక్కువగా వచ్చిన ధ్వని రొద అని తలుపు మూసేస్తాడు. హంబకరుకు పెట్టిన మట్టంలో పాత గిటారు స్వరం సగంలోనే రొద కింద జమ అయింది. ఆ మట్టం దించాము. కాస్త రొద వినిపిస్తుంది, వినిపించనీ. మన సంగీతంలో స్వరం తోకకు విలువ ఎక్కువ. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1978లో, తొమ్మిదేళ్ళ వయసులో, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేశాడు. మాండొలిన్‌కు వుండే నాలుగు జంట తంతులను వదిలి, అయిదు వొంటి తంతుల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, దానిమీద గమకాలు పలికించాడు. మీటిన తరువాత ఆ వొంటి తంతి మీద మిగిలే సన్నని నాదంలోనే కదా గమకం జారేది! కావలివాడు తొందరపడితే అది మనకు వినపడదు.

చివర రెండు గిటార్లనూ వంతులవారీగా వాయించి, పాడే అమ్మాయిని పాడమని, చెవితో సరితూచాము. ఈ పని గదిలో చిన్న ధ్వని మీద చేస్తే ప్రయోజనం లేదు. ధ్వని పెరిగినకొద్దీ మంద్రమూ తారమూ మన చెవికి వేరుగా వినిపిస్తాయి. అందుకని సభలో ఎంత ధ్వని పెడతారో అంత పెట్టి, హాలు చివరి బెంచీలో నేను కూర్చున్నాను. అమ్మాయి గొంతులో ప్రతి అక్షరం తెలిసేదాకా చెయ్యి దించుతూనే వున్నాను. సాహిత్యం పక్షాన కూర్చోవలసినవాణ్ణి గదా.

అన్నిటికీ కలిపి పట్టిన కాలం ఒక మధ్యాహ్నం. ఖర్చు, నలుగురికి నాలుగు టీలు. ఆ మధ్యాహ్నం ఎవరూ వెచ్చించకపోతే ఒక పిల్లవాడు తన చేతిలో బలం లేదని జన్మంతా నమ్మేవాడు. పరాయి గిటారుకు కుట్టిన చొక్కా తనకు పట్టలేదన్న సంగతి వాడికి తెలిసేదే కాదు. ఇటువంటి తీర్పులు క్లాసు గదుల్లో రోజుకెన్ని జరుగుతున్నాయో నేను లెక్క వేయను. వేస్తే నాకు నిద్ర పట్టదు.

వార్షికోత్సవం నాడు పాలెం కుర్రాడు రెండో పాటకే హుషారెక్కి వాయిస్తున్నాడు. తెర పక్కనుంచి తర్ఫీదు ఇచ్చిన పెద్దమనిషి రెండు చేతులూ వూపుతూ కేకవేశారు.

"నాయనా, చెయ్యి కాస్త నెమ్మది!"