నాన్నతో భీమిలి

వార్షికోత్సవ సంచికకు హాస్టల్ జ్ఞాపకం ఒకటి రాయమని తమ్ముళ్ళు ఫోను చేసి అడిగారు. తెల్లవారుజామున గంట, చన్నీళ్ళ స్నానం, గుడ్డు పెట్టే రోజు పొడుగాటి లైను, వీటి గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను ఒక శని, ఆదివారాల ప్రయాణం గురించి రాస్తాను.

అది 2005 డిసెంబరు. నేను బొబ్బిలిలో హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నాను. ఆ ఏడాది మా ఊళ్ళో పనులు లేక అమ్మా నాన్నా విశాఖపట్నం వలస వెళ్ళి బిల్డింగు పనిలో కుదిరారు. "పిల్లోడిని ఒకపాలి రమ్మనండి" అని నాన్న మా ఊరి మనిషి చేత కబురు పెట్టాడు. రెండో శనివారం సెలవు చూసుకుని అడిగితే, "సోమవారం ప్రేయరుకి కనబడాలి" అన్న షరతు మీద వార్డెన్ గారు పంపించారు. మా గదిలో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. అందరూ కలిసి నాకు అప్పగించిన పని ఒకటే, చూసొచ్చి చెప్పడం.

రాయగడ నుంచి వచ్చే పాసింజరులో వెళ్ళాను. స్టేషనులో నాన్న నిలబడి ఉన్నాడు. "ఏట్రా, ఇలా సన్నబడిపోనావు?" అన్నాడు. నిజానికి సన్నబడింది ఆయనే. ఎం.వి.పి. కాలనీలో సగం కట్టిన అపార్టుమెంటు కింది అంతస్తులోనే వాళ్ళ కాపురం. ఇటుకలు పేర్చిన గోడ, సిమెంటు గోనెలు కుట్టిన తెర. సిమెంటు తిని అమ్మ వేళ్ళు పగిలిపోయాయి. అన్నం కలిపి పెడుతుంటే చూశాను.

రాత్రి భోజనాలయ్యాక నాన్న అసలు సంగతి చెప్పాడు. "మేస్త్రీకి కుర్రోలు కావాలట. రోజుకి 90 రూపాయలిస్తానన్నాడు. అక్క పెళ్ళి అప్పు అలాగే ఉండిపోనాది కదా." అమ్మ ఏమీ అనలేదు, అటు తిరిగి పడుకుంది. నన్ను ఎందుకు పిలిపించారో అప్పుడు అర్థమైంది. కాదనలేదు, అవుననలేదు. అమ్మ వేళ్ళు చూశాక కాదనడానికి నోరు రాలేదు. ఆ రాత్రంతా దూరం నుంచి ఏదో హోరు వినబడుతూనే ఉంది. అది సముద్రమో, రోడ్డు మీద లారీలో తెలియలేదు.

మేస్త్రీ ఆదివారం సాయంత్రం వస్తాడట. ఈలోగా సముద్రం చూపిస్తానని నాన్న పొద్దున్నే బయలుదేరదీశాడు. "నువ్వు చూశావా నాన్నా?" అని అడిగాను. "మూడో అంతస్తు స్లాబు మీంచి రోజూ అవుపడతాది. దిగి ఎల్లలేదు" అన్నాడు. వచ్చి ఆరు నెలలైంది!

రామకృష్ణా బీచిలో ముందు కురుసుర జలాంతర్గామి దగ్గరకు వెళ్ళాం. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన దాన్ని ఒడ్డుకు చేర్చి, 2002లో మ్యూజియం చేశారు. టికెట్టు కొని లోపలికి వెళ్ళే ఆలోచన మాకు లేదు. నాన్న దాని చుట్టూ నడిచి, "ఇంత ఇనప దాన్ని ఇసకలోకి ఎలా లాగినారో!" అన్నాడు. బరువులు మోసే మనిషికి వచ్చే సందేహం అది.

అమ్మతో పనిచేసే ఒకామెది భీమిలి. ఎండుచేపలు అక్కడ చవకని చెప్పిందట. అందుకని బీచి రోడ్డు బస్సెక్కాం. రుషికొండ దాటాక కుడివైపు అంతా నీళ్ళే. భీమిలి ఇంకా రాకముందే ఎర్రమట్టి దిబ్బలు కనబడ్డాయి. సినిమాల్లో చూసినవే అని నేను సంబరపడుతుంటే, "ఇటుకబట్టీకి ఎంత బాగుంటాదో" అన్నాడు నాన్న.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. మేం వెళ్ళేసరికి పడవలు ఒడ్డుకు చేరి ఉన్నాయి, మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటున్నారు. నాన్న పంచె పైకి కట్టి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాడు. అల వచ్చి పంచె తడిపేస్తే గట్టిగా నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూసి చాలా కాలమైంది. గదిలో వాళ్ళకు ఏం చెప్పాలో అప్పటిదాకా మనసులో వరసగా పెట్టుకుంటున్నాను, అదంతా మరిచిపోయాను.

ఎండుచేపలు కొనుక్కుని వస్తుంటే డచ్చివారి శ్మశానం కనబడింది. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి స్థిరపడినవాళ్ళు. గేటు తీసే ఉంది. గోపురాల్లా కట్టిన పాత సమాధులు, రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు. నాన్నకు వేలిముద్రే. ఒక రాతి ముందు ఆగి, "ఏటి రాసుందిరా? సదువు" అన్నాడు.

ఇంగ్లీషు అక్షరాలే గాని భాష ఇంగ్లీషు కాదు. చాలావరకు అరిగిపోయాయి కూడా. 17తో మొదలయ్యే సంవత్సరం ఒక్కటే తెలిసింది. నాన్న నా ముఖం వైపే చూస్తున్నాడు. "ఇతను రెండొందల ఏళ్ళ కిందట పోయాడు నాన్నా. పేరు జాన్. వ్యాపారం చేసేవాడట" అన్నాను. నాన్న ఆ రాతిని చేత్తో తడిమాడు. "రెండొందల ఏళ్ళ కిందటి మాట గడగడా సెప్పేసినావే" అన్నాడు.

తిరుగు బస్సులో ఎర్రమట్టి దిబ్బలు దాటాక, "పరీచ్చలు ఎప్పుడు?" అని అడిగాడు. మార్చిలో అన్నాను. మళ్ళీ మాట్లాడలేదు.

మేము వెళ్ళేసరికి మేస్త్రీ సిమెంటు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. నాన్న తడి పంచెతోనే నిలబడి, "ఆడు రాడు బాబూ. పరీచ్చలున్నాయి" అన్నాడు. తరవాత వచ్చి అడగొద్దని మేస్త్రీ విసుక్కుని లేచి వెళ్ళిపోయాడు. అమ్మ లోపలికి వెళ్ళి నా సంచీలో ఎండుచేపల పొట్లం పెట్టింది. ఆ అప్పు తీరడానికి వాళ్ళకు మరో మూడేళ్ళు పట్టింది.

సోమవారం ప్రేయరుకి అందుకున్నాను. ఎండుచేపల వాసన ట్రంకుపెట్టెలోంచి గదంతా పాకి, సాయంత్రానికల్లా పట్టుబడ్డాం. వార్డెన్ గారు కాసేపు కేకలేసి, చివరికి వాటిని వంట మామ్మకే ఇప్పించారు. ఆ రాత్రి పదకొండు మందికీ తలా ఒక ముక్క పులుసు. తింటూ సముద్రం గురించి అడిగారు. కురుసుర, పడవలు, దిబ్బలు అన్నీ చెప్పాను.

జాన్ సంగతి మాత్రం చెప్పలేదు. నాన్నకు ఇప్పుడు అరవై దాటాయి. ఎవరైనా వస్తే, నేను భీమిలిలో సమాధి రాయి చదివిన సంగతి ఇప్పటికీ చెబుతుంటాడు. నేను పక్కనే ఉన్నా కిమ్మనను.