సొంత పడవ, సరిహద్దు, విశ్వసనీయ ప్రయాణికుడు

ధర్మపురి జిల్లా హొగెనక్కల్ వద్ద కావేరిలో తమిళనాడు, కర్ణాటకల హద్దు ఉన్నప్పటికీ, తమిళంలో పరిసల్ అనే పుట్టిలో విహరించేవారికి కస్టమ్స్ తనిఖీ, అనగా దేశంలోకి తెచ్చే వస్తువులపై సుంకపు పరిశీలన, ఉండదు. అమెరికా, కెనడాల నడుమనున్న మహాసరస్సుల మీదుగా సొంత పడవలో అమెరికా చేరేవారు మాత్రం, నేపథ్య విచారణ అనంతరం ‘విశ్వసనీయ ప్రయాణికులు’గా గుర్తింపు పొందిన గ్లోబల్ ఎంట్రీ, నెక్సస్ సభ్యులైనా సరే, తమ రాకను వెంటనే అధికారులకు తెలపాలి, అందుకు రోమ్ అనే మొబైల్ యాప్ ఉంది. నమ్మకం పనిని సులభం చేయాలే గాని బాధ్యతను తొలగించరాదు కనుక ఇది న్యాయమైన ఏర్పాటే. భారతదేశంలో 2024 జూన్ 22న ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో చెన్నై, బెంగళూరు విమానాశ్రయాలకూ విస్తరించిన ఇటువంటి పథకం ఇమిగ్రేషన్‌కే, అంటే రాకపోకల అనుమతి పరిశీలనకే, పరిమితం. ధర్మపురి తెలుగువారు అందులో చేరినా, సుంకం వర్తించే వస్తువులను కస్టమ్స్‌కు విడిగా ప్రకటించవలసిందే.