ముక్కుదిండ్లు

చదువరులలో గురకపెట్టువారు పలువురుందురు. తాము గురకపెట్టుదుమని యొప్పుకొనువారు మాత్రము మిక్కిలి కొలదిమంది. నిరుడు ఆషాఢము వఱకు మేమును ఒప్పుకొననివారమే. గురక గాఢనిద్రకు గుర్తనియు, గాఢనిద్ర నిశ్చింతగలవారి భాగ్యమనియు మా గృహిణితో వాదించెడివారము. ఆమె వాదింపక, ఒకనాటి రాత్రి గడియారము చేతబట్టుకొని మా ప్రక్కను కూర్చుండి, మా యూపిరి యెన్నిమారులు నిలిచినదో యొక కాగితముపై గీతలు గీచి, ఉదయమున కాఫీతోబాటు దానిని మా ముందు పెట్టినది. పిల్లల తప్పులకు గీతలు పెట్టుటయే వృత్తిగా గలవారము. ఆ గీతలను చూచి మాటాడలేకపోయితిమి.

కాకినాడలో నొక వైద్యునిచే పరీక్ష చేయించుకొంటిమి. నిద్రలో కంఠము వెనుకనున్న మెత్తని కండరములు సడలి శ్వాసమార్గము మూసికొనిపోవును. పది సెకండ్లో, అంతకు మించియో ఊపిరి నిలుచును. మెదడు బెదరి మనుష్యుని సగము మేలుకొలుపును. ఇది రాత్రియంతయు జరుగుచునే యుండును. గంటకు 30 మారులు దాటినచో తీవ్రమందురు. మాకు 38 వచ్చినవి. డికెన్సు 1836–37లో వెలువరించిన పిక్విక్ పేపర్సునందు, ఉన్నచోటనే నిద్రపోవు జో యను స్థూలకాయుడగు కుఱ్ఱవాడొకడు గలడు. బి.ఏ. చదువునాడు వానిని చూచి కడుపుబ్బ నవ్వితిమి. 1956లో వైద్యులు నిద్రకును స్థౌల్యమునకును సంబంధించిన యొక శ్వాసరోగమునకు ఆ నవల పేరే పెట్టిరని తెలిసిన పిదప ఆ నవ్వు కొంత తగ్గినది.

దీనికి మందు గాలియే. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కాలిన్ సల్లివన్ అను వైద్యుడు, నిద్రించువాని ముక్కులోనికి కొలది పీడనముతో గాలిని ఎడతెగక పంపినచో ఆ గాలియే లోపలినుండి కంఠమార్గమును తెఱచి నిలుపునని కనుగొని, మఱుసటియేట లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. అంతకు ముందు తీవ్రరోగులకు కంఠమునకు రంధ్రము చేయుటయే గతి. తొలినాళ్లలో రోగులు మాస్కును ప్రతిరాత్రియు జిగురుతో ముక్కునకు అంటించుకొనెడివారట. ఈ మాట ముందే యెఱిగియున్నచో మా కష్టమును గుఱించి యింత గోల చేసియుండము.

సీపాప్ అను ఆ యంత్రమునకు మా నెలజీతములో అధికభాగము పోయినది. మాస్కులలో మేము కోరుకొన్నది మిక్కిలి చిన్నది: ముక్కునంతయు కప్పక, రెండు పుటముల ద్వారములకు మాత్రము ఆనుకొను సిలికోన్ బుడిపెలు రెండు గలది. మీసము గలవారికి ఇదియే యనుకూలమని అంగడివాడు చెప్పెను. మీసము కొఱకు దానిని గొంటిమని వ్రాయుటకు సిగ్గగుచున్నది గాని నిజమదియే. ఆంగ్లభాషలో ఆ బుడిపెలకు నేజల్ పిల్లోస్ అని పేరు, అనగా ముక్కుదిండ్లు. పేరుపెట్టినవాడు వానిపై నొకరాత్రియైన ముక్కునుంచెనో లేదో!

మొదటి రెండు రాత్రులు స్వర్గము. ఎన్నియేండ్లకో తలనొప్పి లేక తెల్లవాఱినది. మూడవనాడు ఎడమ పుటపు లోయంచు ఎఱ్ఱబడినది. ఐదవనాటికి తోలు ఒరసికొనిపోయినది. వారము తిరుగునప్పటికి పక్కుకట్టి, ఆ పక్కు ప్రతియుదయమును బుడిపెతో గూడ ఊడివచ్చుచు, దిండుగలీబుపై నెత్తురుమరక కనబడజొచ్చినది. దానికి మేము చేసిన చికిత్స యేమనగా, గాలి బుసకొట్టుచు ప్రక్కకు పోవుచున్నదని పట్టీలను మఱింత బిగించుట. బిగించినకొలది పుండు, పుండయినకొలది తల యటునిటు త్రిప్పుట, త్రిప్పినకొలది గాలి పోవుట, మరల బిగించుట. కోనసీమవాడు తప్పక చేయు రెండవ చికిత్సయు జేసితిమి: కొబ్బరినూనె. నూనెకు బుడిపెలు జాఱి గాలి యంతయు కన్నులలోనికి కొట్టినది. మా తాతగారు నిత్యము నువ్వులనూనెతో నస్యము చేసెడివారు. ఆయుర్వేదమున దానికి ప్రతిమర్శనస్యమని విధి గలదు. ఆ విధిని మేము నిందింపము గాని, రాత్రియంతయు ముక్కులోనికి గాలిని త్రోయు యంత్రము నెఱిగి యేర్పఱచిన విధి కాదది. సంస్కృతము వచ్చిన మాబోటివారికి ఈ చిన్నమాట తోచుటకు వారము దినములు పట్టినది.

బడిలో ముక్కున కేమని యడిగినవారికి జలుబని చెప్పితిమి. నెలదినములు జలుబే. ఇంతలో మా మేనకోడలి పెండ్లిచూపులు వచ్చినవి. "నాయనా, ఆ గొట్టం బీరువాలో పెట్టు. ప్రాణంమీదికొచ్చినవాళ్లకి పెట్టేది నట్టింట్లో కనపడకూడదు" అని మా తల్లిగారనగా పెట్టితిమి. పెండ్లివారు వెళ్లిన పిమ్మటను దానిని తీయలేదు. సిగ్గొక సాకు, పుండొక సాకు. కన్నులజోడు పెట్టుకొనుటకు సిగ్గుపడము, కట్టుడుపండ్లకు సిగ్గుపడము, ఊపిరికి సిగ్గుపడితిమి. ఇట్లు పదునొకండు దినములు గడచినవి.

పండ్రెండవనాటి సాయంకాలము బడినుండి ఏడిదత్రోవను స్కూటరుపై మండపేటకు వచ్చుచుండగా, కాలువగట్టు మలుపున మా కన్ను మూతపడినది. తెఱచునప్పటికి ధాన్యపులారీ హారను చెవిలోను, ముందుచక్రము గట్టంచునను ఉన్నవి. వెనుక కూర్చున్నది ఏడవ తరగతి చదువు మా కుమార్తె. త్రోవలో ఆ పిల్ల యేమియు ననలేదు. ఇల్లు చేరిన తరువాత తల్లితో "నాన్న నిద్రపోయారమ్మా" అని మాత్రము చెప్పినది.

ఆ రాత్రి మా గృహిణి బీరువా తెఱచి యంత్రమును మంచముచెంత పెట్టి, "ఇకమీద ఎవరొచ్చినా నేను చెప్పుకుంటానండి. రేపు ఆ ముక్కు డాక్టరుగారికి చూపించండి" అన్నది.

డాక్టరుగారు పుండును చూచి, పిమ్మట మమ్ము మంచముపై పరుండజేసి, యంత్రము నడుచుచుండగా మాస్కు పెట్టుకొమ్మనిరి. అంగడిలో మేము నిలుచుండి, గాలి లేకయే కొలత చూచుకొంటిమి. బుడిపె లోనికి దిగబడరాదట. ద్వారమున ఆనుకొని యుండవలెనట. గాలి వచ్చినపుడు అది తానే యుబ్బి అంచులకు అతుకుకొనును. పట్టీ జాఱకుండ నిలుపుటకే గాని నొక్కుటకు గాదు. మేము పెట్టుకొన్నది మా ముక్కునకు చిన్నదగుటచే లోనికి చొచ్చి ఒరసికొనుచుండెను. పెద్దదైనను అంచులను నొక్కి పుండు చేయునట. మాస్కు పెట్టెలోనే మూడు కొలతల బుడిపెలున్నవని ఆయన చెప్పగా ఇంటికి వచ్చి చూచితిమి. ఉన్నవి. సంచులు కూడ విప్పలేదు!

పుండు మానువఱకు ముక్కును పైనుండి కప్పు మాస్కు వాడుమనిరి. అందుకై మీసము కొంత తగ్గినది. నూనెలను, పెట్రోలియం జెల్లీని వలదనిరి: అవి సిలికోనును చెఱచుటయే గాక, రాత్రులకొలది పీల్చిన జిడ్డు ఊపిరితిత్తులకు హానిచేయవచ్చును. నీటితో జేసిన జెల్లును, ఉప్పునీటి చుక్కలును చాలును. ఉదయమున బుడిపెలను సబ్బునీటితో కడుగవలెను. రాత్రి ముఖపు జిడ్డు కడుగుకొని పెట్టుకొనవలెను. అప్పటికిని మానక, చీముపట్టినచో వైద్యునికి మరల చూపవలెను. ఇక తేమపెట్టె. గోదావరి గాలికి తేమ కొఱతయా యని దానిని మేము కొననేలేదు. కాని ఏసీగదిలో ఎడతెగక వీచు గాలి ముక్కుపొరను ఎండగట్టుననియు, ఎండిన పొర వేగముగ చిట్లుననియు తెలిసి, అదియు గొంటిమి. దానిలో డిస్టిల్డ్ వాటరు పోయవలెను. కరెంటు పోయిననాడు మాత్రము దాని వేడి ఇన్వర్టరును త్వరగా దించివేయును. అప్పుడు దానిని ఆపి యంత్రమును మాత్రము నడుపుకొందుము. మిల్లుల ఊకధూళి గల మా యూరిలో వడపోతగుడ్డను తఱచుగా చూచుకొనుటయు నొక పని.

పది దినములలో ముక్కు మానినది. తరువాత నొకనాడు డ్రాయింగు మాష్టారు "జలుబు తగ్గిందాండి?" అని యడిగిరి. జలుబు కాదని చెప్పి, ఉన్నదంతయు చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, తలుపువంక చూచి, "మా ఇంట్లోనూ ఒకటుందండి, అటకమీద. రెండేళ్లయింది. ముక్కంతా పుండైపోతే తీసి పడేశాను. ఎవరికీ చెప్పలేదండి" అనిరి. ఆయన వయస్సు ఏబదియాఱు, రక్తపుపోటు గలవారు. ఆయన భార్య రెండేండ్లుగా వేఱుగదిలో పండుకొనుచున్నదట.

ఆ పాతమాస్కు చెడియుండునని క్రొత్తది తెప్పించితిమి. అది వచ్చిననాడు మధ్యాహ్నభోజనవేళ ఉపాధ్యాయుల గదిలో రెండు బల్లలు చేర్చి, ఆయనను వెల్లకిల పరుండబెట్టి, శుభ్రపఱచిన ఆయన యంత్రమును నడిపించి, మూడు కొలతలును ఒకదాని వెనుక నొకటి పెట్టి చూచితిమి. మధ్యది సరిపోయినది. ఆయన అలవాటుగా పట్టీ బిగింపబోగా చేయి పట్టుకొని సడలించితిమి. "ఇంత వదులైతే ఊడిపోదాండి?" అనిరి. ఊడలేదు. ఇంతలో కిటికీచువ్వల వెనుక పిల్లలు గుమిగూడిరి. "సారుకి ఏమైందిరా?" అని యొకడు బెదరగా, "ఏనుగైపోయార్రా" అని వేఱొకడనెను. డ్రాయింగు మాష్టారు నవ్వబోయి నోరు తెఱచిరి. ముక్కునుండి పోయిన గాలి యంతయు నోటినుండి బుస్సున వెలువడినది. పిల్లలు విరగబడి నవ్విరి. ఆయన లేచి దాగికొనబోయి, ఏమనుకొనిరో, మరల పరుండిరి. మేము తలుపు తీసి పిల్లలను లోనికి పిలిచితిమి.