కేకులో వచ్చిన తాళంచెవి

లింకన్ అనగానే ఇంగ్లండులో ఉన్న మనవాళ్ళకు గుర్తొచ్చేది కొండమీది కెథెడ్రల్. వారాంతంలో పిల్లల్ని తీసుకెళ్ళి, ఆ చర్చి చూసి, కోట దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తాం. మేమూ రెండుసార్లు అంతే చేశాం. మూడోసారి మాత్రం కారును గ్రీట్‌వెల్ రోడ్డు వైపు తిప్పాను. అక్కడొక పాతకాలపు జైలుంది. ఇప్పటికీ నడుస్తున్న జైలే కాబట్టి లోపలికి రానివ్వరు (వెళ్ళాలన్న సరదా కూడా ఎవరికీ ఉండదనుకోండి). రోడ్డు మీదే నిలబడి మా పిల్లలకు ఈ కథ చెప్పాను.

1918లో ఈ జైల్లో ఈమన్ డి వలేరా అనే పొడుగాటి లెక్కల మాస్టారు ఖైదీగా ఉండేవాడు. ఐర్లండు స్వాతంత్ర్యం కోసం తుపాకీ పట్టినవాడు. జైలు చర్చిలో ప్రార్థన జరిగేటప్పుడు ఫాదరీకి సహాయకుడుగా ఉండేవాడు. ఒకరోజు ఫాదరీగారి తాళంచెవి చేతికి అందింది. కొవ్వొత్తుల మైనం మీద దాని అచ్చు తీశాడు. ఆ తాళంచెవి బొమ్మను క్రిస్మస్ కార్డు మీద హాస్యచిత్రంలా గీయించి బయటికి పంపించారు. బయట స్నేహితులు తాళంచెవి చేయించి, కేకులో దాచి లోపలికి పంపారు. అది పట్టలేదు. మళ్ళీ చేయించారు, అదీ పట్టలేదు. చివరికి పళ్ళు కోయని తాళంచెవీ, ఆకురాయీ కేకులో పెట్టి పంపితే లోపలే ఒక ఖైదీ దాన్ని అరగదీసి సరిచేశాడు.

1919 ఫిబ్రవరి 3 రాత్రి. జైలు వెనక గేటు అవతల ఇద్దరు స్నేహితులు కాచుకుని ఉన్నారు: మైకేల్ కాలిన్స్, హ్యారీ బోలండ్. కాలిన్స్ తన దగ్గరున్న నకలు తాళంచెవి పెట్టి తిప్పాడు. అది తాళంలోనే పుటుక్కున విరిగింది! లోపలి నుంచి డి వలేరా తన తాళంచెవితో ఆ విరిగిన ముక్కను బయటికి నెట్టి గేటు తెరిచాడు. మా అబ్బాయికి ఇదంతా ఏదో వీడియో గేములా అనిపించింది. నేనూ అంతదాకానే చెప్పి ఆపాను. మిగతా కథ అక్టోబరు సెలవుల్లో డబ్లిన్‌లో చూపించాల్సి వచ్చింది.

డబ్లిన్ వెళ్ళే ముందు డి వలేరా బాల్యం గురించి చదివితే, అది నాకు బాగా తెలిసిన కథలాగే అనిపించింది. ఈయన పుట్టింది ఐర్లండులో కాదు, న్యూయార్కులో, 1882లో. తల్లి లిమెరిక్ ప్రాంతం నుంచి పొట్టకూటికి అమెరికా వెళ్ళిన పల్లెటూరి పిల్ల. తండ్రి స్పానిష్ మూలాలవాడంటారు. పనికి పోవాల్సిన తల్లి, రెండేళ్ళ పిల్లాణ్ణి మేనమామ వెంట బ్రూరీ అనే ఊళ్ళోని అమ్మమ్మ దగ్గరికి పంపేసింది. ఇది చదువుతున్న మనకు ఆ ఏర్పాటు కొత్తా? ఇండియా వెళ్ళేవాళ్ళ వెంట పసిబిడ్డను అమ్మమ్మ దగ్గరికి పంపిన ఇళ్ళు నాకే నాలుగైదు తెలుసు. మన పిల్లలు ఏడాదికో రెండేళ్ళకో తిరిగొస్తారు. ఆ తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని అమెరికాలోనే ఉండిపోయింది. పిల్లాడు అమ్మమ్మగారి ఊళ్ళోనే పెరిగాడు.

ఆ ఊరివాడే అయినా ఊరి భాష రాదు. ఐరిష్‌ను పాతికేళ్ళు దాటాక తరగతులకు వెళ్ళి నేర్చుకున్నాడు. ఎడ్వర్డ్ కాస్తా ఈమన్ అయ్యాడు. 1910లో ఆ భాష నేర్పిన టీచరు షినేడ్‌నే పెళ్ళి చేసుకున్నాడు. మన ఆదివారం తెలుగు బడిలో పెద్దవాళ్ళకు కూడా ఒక బ్యాచ్ పెట్టాలని నేనెప్పటి నుంచో అంటున్నాను, కమిటీవాళ్ళు గమనించగలరు!

డబ్లిన్‌లో తప్పక చూడాల్సింది కిల్‌మైనం జైలు. టిక్కెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, అక్కడికి వెళ్ళి అడిగితే దొరకడం కష్టం. 1916 ఈస్టర్ తిరుగుబాటు అణిగాక ఈ జైలు ఆవరణలో 14 మందిని కాల్చి చంపారు. వాళ్ళలో థామస్ మెక్‌డోనా యూనివర్సిటీ కాలేజీలో సాహిత్యం చెప్పే అధ్యాపకుడు. మన వి.వి. గిరిగారు బరంపురం నుంచి వచ్చి న్యాయశాస్త్రం చదువుకుంటున్నది ఆ రోజుల్లో ఆ కాలేజీలోనే. డి వలేరాకూ మరణశిక్షే పడింది, తర్వాత యావజ్జీవంగా మారింది. అమెరికాలో పుట్టడం వల్ల బతికాడని చాలామంది చెబుతారు. ఆయన వంతు వచ్చేసరికి జనాగ్రహం చూసి లండన్ వెనక్కి తగ్గడమే అసలు కారణమని నాకనిపిస్తుంది.

ఇక మా అమ్మాయి అడుగుతూ వచ్చిన మిగతా కథ. 1921 డిసెంబరులో లండన్‌లో ఒప్పందం మీద సంతకం చేసినవాళ్ళలో కాలిన్స్ ఒకడు. డి వలేరా తను వెళ్ళకుండా ఆయన్ను పంపాడు. దేశం చేతికొచ్చింది కానీ ఆరు ఉత్తరాది జిల్లాలు రాలేదు, పైగా బ్రిటిష్ రాజుకు విధేయత ప్రకటించాలి. డి వలేరా కాదన్నాడు. 1922 జనవరిలో సభ 64–57 ఓట్లతో ఒప్పుకుంది. జూన్‌కల్లా అంతర్యుద్ధం. లింకన్ గేటు బయట పక్కపక్కన నిలబడ్డ ఆ ఇద్దరూ ఇప్పుడు చెరో వైపు. ఆగస్టు మొదట్లో బోలండ్ పోయాడు, ప్రభుత్వ సైనికుల తూటాకు. అదే నెల 22న కాలిన్స్ పోయాడు, ఒప్పందాన్ని కాదన్నవాళ్ళ తూటాకు. కాలిన్స్‌కు 31 ఏళ్ళు.

1927లో డి వలేరా అదే సభలోకి, అదే విధేయత పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళాడు. అవి ఉత్తి మాటలేనన్నాడు. "అయిదేళ్ళ ముందే అలా అనుకోవచ్చుగా నాన్నా?" అంది మా అమ్మాయి. ఆయన్ను సమర్థించేవాళ్ళ పుస్తకాలూ చదివాను. వాటిలో దీనికి నాకు సరిపడే జవాబు కనబడలేదు.

అలాగని ఆయన్ను తీసిపారేయలేం. 1932లో ఓట్లతో గెలిచి అధికారంలోకి వచ్చాడు, ఓడినవాళ్ళు తుపాకులు తీయకుండా కుర్చీ అప్పగించారు. మరుసటి ఏడాదే ఆ విధేయత ప్రమాణాన్ని ఎత్తేశాడు. 1937లో ఆయన రాయించిన రాజ్యాంగం నుంచే మన రాజ్యాంగంలోకి ఆదేశిక సూత్రాలు వచ్చాయి. 1959 నుంచి 1973 దాకా రాష్ట్రపతి. అంటే 1969 తర్వాత నాలుగేళ్ళపాటు ఐర్లండుకు ఆయన, ఇండియాకు డబ్లిన్‌లో చదువుకున్న గిరిగారు రాష్ట్రపతులు! ఒకప్పుడు తను ఖైదీగా ఉన్న కిల్‌మైనం జైలును 1966లో మ్యూజియంగా ప్రారంభించింది కూడా ఆయనే. అప్పటికి చూపు దాదాపు పోయింది.

ఆఖరి రోజు గ్లాస్‌నెవిన్ శ్మశానానికి వెళ్ళాం. ముగ్గురూ అక్కడే ఉన్నారు. కాలిన్స్ సమాధి వెతకక్కర్లేదు, పూల గుత్తులే దారి చూపిస్తాయి. బోలండ్‌ను పిల్లలు మ్యాప్ పట్టుకుని కనిపెట్టారు. డి వలేరా సమాధి మామూలు రాయి, మేం వెళ్ళినప్పుడు పూలు లేవు. ఆయనతోనే షినేడ్. ఆవిడ 1975 జనవరి 7న పోయారు. ఒక్కరోజు గడిస్తే పెళ్ళయి 65 ఏళ్ళు నిండేవి. ఆయన ఆగస్టు 29 దాకా ఉన్నాడు.