పగలు పెద్దమనిషి, రాత్రి దొంగ

గ్లాస్గోలో చదువుకుంటూ ఆర్నెల్లయ్యాక, ఓ శనివారం రైలెక్కి ఎడిన్‌బరో వెళ్లా. రాయల్ మైల్ మీద ఓ పబ్ బోర్డు చూసి ఆగిపోయా. ఒకవైపు దర్జాగా ఓ పెద్దమనిషి. రెండోవైపు అదే మనిషి, దొంగగా!

అతని పేరు విలియం బ్రాడీ. పగలు వడ్రంగుల సంఘానికి పెద్ద, నగర కౌన్సిలర్. రాత్రయితే మారుతాళాలతో జనం ఇళ్లు దోచేవాడు. 1788లో ఉరి తీశారు.

అతను చేసిన బీరువా ఒకటి రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ చిన్నప్పుడు పడుకునే గదిలో ఉండేదట. ఇప్పుడది దగ్గర్లోని రైటర్స్ మ్యూజియంలో ఉంది. దాన్ని చూస్తూ పెరిగిన కుర్రాడే 1886లో జెకిల్, హైడ్‌ల కథ తెచ్చాడు. చిన్న నవలికే. కథ జరిగేది లండన్‌లో. కానీ కొండమీద చీకటి సందుల పాత ఊరు, కింద స్టీవెన్‌సన్ వాళ్లుండే తిన్నని వీధుల కొత్త ఊరు చూశాక, ఆ కథకి బీజం ఇక్కడే పడిందనిపించింది.

నేను ముందు 1931 సినిమా చూసి, తర్వాత పుస్తకం చదివా. అదే పొరపాటు! ఇద్దరూ ఒక్కడేనన్న గుట్టు పుస్తకంలో చివరిదాకా బయటపడదు. సినిమాకి మాత్రం మారడమే అసలు షో. ఫ్రెడ్రిక్ మార్చ్‌కి రంగుల మేకప్ వేసి, కెమెరా ముందు ఫిల్టర్లు మార్చారు. బ్లాక్ అండ్ వైట్‌లో, కట్ లేకుండానే ముఖం మారిపోతుంది. ఆయనకి ఆస్కార్ వచ్చింది. పుస్తకంలో లేని కాబోయే పెళ్లికూతురు, బార్‌లో పాడే అమ్మాయి తెరమీదికొచ్చారు. 1941లో స్పెన్సర్ ట్రేసీ సినిమాదీ అదే దారి. 'అపరిచితుడు'లో విక్రమ్ మారిపోతుంటే ఈలలేసిన మనకి ఆ కిక్కేంటో తెలుసు.

పుస్తకంలో భయం వేరు. హైడ్ ముఖం ఎలా ఉంటుందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, అంతే. పైగా జెకిల్ పాపం అమాయకుడేం కాదు. సరదాలూ కావాలి, పరువూ పోకూడదు. అందుకే హైడ్‌ని తయారుచేసుకున్నాడు.

సాయంత్రం అమ్మ వీడియో కాల్. "పరీక్షలెలా రాశావు నాన్నా?"

"సూపర్‌గా రాశానమ్మా" అంటూ ఫోన్ తిప్పి కోట చూపించా. ఒక పేపర్ పోయి రెండు నెలలైంది. అప్పు తెచ్చి పంపిన మనిషికి చెప్పలేక, కాల్ వచ్చినప్పుడల్లా ఇలాగే నవ్వుతున్నా.

ఫోన్ పెట్టేసి కాసేపు ఆ బోర్డు కిందే నిలబడ్డా. పది నిమిషాలాగి ఈసారి నేనే చేశా.

"అమ్మా, ఇందాక ఒక మాట చెప్పలేదు..."