లోటు నదిలో మా నాన్న

లాంచీ అనగానే మన తెలుగు ప్రేక్షకుడికి గోదావరి, గోదావరి అనగానే బాపు-రమణల 'అందాల రాముడు' గుర్తుకు రావడం మామూలే. 1973లో అక్కినేని ఎక్కిన ఆ లాంచీ ఇంకా మన మనసుల్లో తిరుగుతూనే ఉంది. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' పేరుతో మరో లాంచీ వదిలారు. ఈ రెండిటి గురించీ నేను చేసిన ఉపన్యాసాలు మా బావకి కంఠతా వచ్చు. ఆ పాపమే ఈ ప్రయాణానికి కారణం!

మా అక్కా బావా ఉండేది ఫ్రాన్సులో, విమానాలు తయారయ్యే తులూజ్ నగరంలో. పోయిన వేసవిలో అమ్మని, నాన్నని, నన్ను పిలిపించుకున్నారు. వెళ్ళిన నాలుగో రోజున బావ ప్రకటించాడు:

"వారం రోజులకి పడవిల్లు అద్దెకి తీసుకున్నాను. పడవలోనే వంట, పడవలోనే పడక. నడిపేది మనమే!"

"సరంగు లేకుండానా?" అంది అమ్మ.

"లైసెన్సు కూడా అక్కర్లేదత్తయ్యా! అరగంట పాఠం చెప్పి తాళం చేతికిచ్చేస్తారు."

"నది పేరేమిటి బాబూ?"

"లోట్."

"పేరే లోటా! ఇంకేం లోటు జరుగుతుందో నాయనా..." అని అమ్మ ఆవకాయ జాడీ సర్దడం మొదలుపెట్టింది. ఆ క్షణం నుంచీ అది మా ఇంట్లో లోటు నదే.

నాన్న మాత్రం ఒక్కటే అడిగారు. "దారిలో లాకులున్నాయా?"

"బోలెడున్నాయి మావయ్యగారూ."

ఆయన మరి మాట్లాడలేదు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు ముప్ఫయ్యారేళ్ళు పట్టింది. మా నాన్న తూర్పు డెల్టాలో లాకుల దగ్గర లష్కరుగా పనిచేసి రిటైరయ్యారు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి కాలవలు తవ్వించాడే, వాటి మీద పడవలు ఎగువ నీటి నుంచి దిగువ నీటికి దిగడానికి కట్టినవే లాకులు. ముందు రెండు తలుపులు, వెనక రెండు తలుపులు, మధ్యలో గది. పడవ గదిలోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. ముందు షట్టరెత్తి నీరు వదిలితే మట్టం దిగుతుంది. అప్పుడు ముందు తలుపులు తెరుస్తారు. ఆ పని చేసేవాడు లష్కరు. గట్టు మీద చిన్న క్వార్టరు. మేం పెరిగింది అందులోనే.

మరి అక్క పెళ్ళి శుభలేఖ రాసింది నేనే కదా, ఏం రాశానో తెలుసా? "నీటిపారుదల శాఖ ఉద్యోగి (రిటైర్డ్)". నాన్న చదివి, "బాగుంది" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. అంతకుముందు నా కాలేజీ దరఖాస్తులోనూ అంతే. ఎవరడిగినా "పీడబ్ల్యూడీలో చేస్తారు" అనడం మా ఇంట్లో నేనూ అక్కా పెట్టిన ఆచారం. పాపం, కొన్నాళ్ళకి ఆయన కూడా అలాగే చెప్పడం నేర్చుకున్నారు.

సరే, తులూజ్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి దువెల్ అనే పల్లెలో పడవెక్కాం. మూడు గదులు, వంటిల్లు, ఫ్రిజ్. చుక్కాని చక్రాలు రెండు, ఒకటి లోపల, ఒకటి పైన. మా బావ కెప్టెన్ టోపీ కూడా కొన్నాడు! పడవ వేగం ఎంతంటారు? గట్టు మీద పరిగెత్తేవాడు మమ్మల్ని దాటి వెళ్ళిపోయి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. అటు ద్రాక్షతోటలు, ఇటు సున్నపురాతి కొండలు. మన గోదావరి 1465 కిలోమీటర్లయితే ఈ లోటమ్మ అందులో మూడోవంతే. కానీ వయ్యారంలో మాత్రం లోటు లేదు. ఎన్ని మెలికలో!

అమ్మకి మాత్రం ఒకటే సందేహం. "ఇంట్లో చేసే వంటే పడవలో చెయ్యడానికి ఇంత డబ్బు పొయ్యడమేమిటే?"

మొదటి లాకు వచ్చింది. రాతి గోడలు, పక్కనే పెంకుటిల్లు, మూసిన కిటికీలు. మనిషి లేడు. ఇక్కడ ఎవరి లాకు వాళ్ళే తిప్పుకోవాలి. నాన్న గట్టెక్కి ఆ ఇంటి వైపే చూస్తూ, "లాకుంది, లష్కరేడీ?" అన్నారు.

మేమందరం విన్నాం. ఎవరూ జవాబివ్వలేదు. "టీ పెట్టనా నాన్నా?" అంది అక్క.

ఆ రాత్రి బావ నది కథ చెప్పాడు. ఒకప్పుడు దీని మీద సరుకు పడవలు బారులు తీరేవట. రైలొచ్చాక బేరాలు పోయాయి. 1926లో రవాణా నదుల జాబితాలోంచి దీన్ని తీసేశారు. 1990లో విహారం పడవల కోసం కొంతమేర మళ్ళీ తెరిచారు. నాన్న వింటూ, "మాకు లారీలొచ్చాయి" అని ఊరుకున్నారు.

మూడోనాడు బూజియేస్ దగ్గర ఆగాం. అక్కడ నదివారనే కొండను తొలిచి దారి చేశారు. తల మీద రాతికప్పు. గుర్రాలకి ఎత్తు చాలదు కనుక మనుషులే తాడు భుజానేసుకుని ఆ దారంట పడవలు లాగేవారట. నాన్న ఆ రాతిని చేత్తో తడిమారు. "ఇక్కడా మనుషులేనా!" అన్నారు. ఆ గొంతులో అదోరకం బంధుప్రీతి. దూరపు చుట్టాల ఇల్లు దొరికినట్టు!

తిరుగు ప్రయాణంలో అసలు ముచ్చట జరిగింది. దిగువకి దిగుతున్నాం. పడవ ముందు తాడు నా బాధ్యత. నేనేమో సెల్‌ఫోన్లో షూటింగ్ చేసుకునే హడావుడిలో ఉన్నాను. తాడు గట్టు మీది ఇనప గుంజకి రెండు ముళ్ళేసి చేతులు దులుపుకున్నాను. అక్కా, మేనల్లుడూ షట్టరు తిప్పారు. నీరు దిగుతోంది. పడవా దిగాలి కదా, ముందు భాగం దిగదే! తాడుకి వేలాడుతోంది. వెనక భాగం నీళ్ళతో పాటు పోతోంది. లోపల పళ్ళేలు జారాయి. ఆవకాయ జాడీ భళ్ళుమంది. "ఓరి నాయనో!" అని అమ్మ కేక. ముడి లాగుతున్నాను. బిగుసుకుందే గాని రాదు. బావ చాకు కోసం వెతుకుతున్నాడు.

"తాడు కొయ్యకండి! షట్టరు దించు!"

ఎవరిదా గొంతు? మా నాన్నదే! ఇంట్లో నీళ్ళు కావాలన్నా మెల్లగా అడిగే మనిషి. డెబ్బయ్యేళ్ళాయన పరుగున వెళ్ళి ముందు షట్టరు గిరగిరా దించేశారు. వెనక తలుపుల దగ్గరికి నడిచి, అక్కడి షట్టరు రెండు చుట్లు మాత్రం ఎత్తారు. నీరు మళ్ళీ పైకొచ్చింది. పడవ లేచింది. తాడు వదులైంది. వచ్చి ముడి విప్పి నా చేతిలో పెట్టారు.

"లాకులో తాడు ముడెయ్యకూడదురా. ఒక చుట్టు చుట్టి చేత్తో పట్టుకోవాలి. నీరు దిగుతుంటే వదుల్తూ ఉండాలి. అంతే."

తొమ్మిదేళ్ళ మేనల్లుడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "తాతయ్యా, నీకివన్నీ ఎలా తెలుసు?"

నాన్న వాడి వైపు చూడలేదు. నా వైపు చూశారు, చెప్పొచ్చా అన్నట్టు. తర్వాత తల దించుకుని, "పీడబ్ల్యూడీలో చేశాన్రా" అన్నారు.

ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"లాకుల దగ్గర లష్కరుగా చేశారు తాతయ్య" అన్నాను నేను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. అక్క తల తిప్పుకుంది.

"అంటే ఎక్లూజియే!" అని ఎగిరి గంతేశాడు వాడు. లాకులు తీసేవాణ్ణి ఫ్రెంచిలో అలా అంటారట. ఆ సాయంత్రం పక్క పడవల వాళ్ళందరికీ వాడే చాటింపు వేశాడు. ఒక ముసలాయన వచ్చి మా నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు. మేనల్లుడి అనువాదంలో ఇద్దరూ షట్టర్ల సైజులు మాట్లాడుకున్నారు.

రాత్రి రెండింటికి ధాన్యం పడవ వచ్చి కేకేస్తే లేచి తలుపులు తీసిన రోజులు చెప్పారు నాన్న. "ఆ కేకకి ముందు లేచేది నేను. ఈయన్ని లేపేదీ నేనే" అంది అమ్మ. ముప్ఫయ్యారేళ్ళలో నేను విననిది ఎంతుందో ఆ ఒక్క రాత్రి తెలిసింది.

బావని పక్కకి తీసుకెళ్ళి సంజాయిషీ చెప్పబోయాను. నవ్వేశాడు.

"నాకు తెలీకపోవడమేంటి బావా? పెళ్ళికి ముందే మా నాన్న లాకుల దాకా వెళ్ళి, మావయ్యగారి పని చూసి మరీ వచ్చాడు. మీరే చెప్పకపోతే నేనెలా అడగను?"

చూశారా! మేం ఎవరి దగ్గర దాచామో వాళ్ళకి తెలుసు. మేం దాచింది మా దగ్గర మేమే.

మర్నాడు కాఓర్ పట్నంలో వలంత్రే వంతెన కింద నుంచి వచ్చాం. 1308లో మొదలుపెట్టిన కట్టడం. ఆరు కమానులు, మూడు బురుజులు. కట్టిన మేస్త్రీ పని కానిచ్చుకోవడానికి దెయ్యంతో ఒప్పందం పెట్టుకుని, చివర్లో జల్లెడతో నీళ్ళు తెమ్మని దాన్ని బోల్తా కొట్టించాడని కథ. కోపంతో దెయ్యం మధ్య బురుజు మూల రాయి పీకేసేదట. 1879లో బాగు చేయించిన పాల్ గూ అనే ఆర్కిటెక్టు ఆ మూల ఒక రాతి దెయ్యాన్ని చెక్కించి పెట్టాడు. మేనల్లుడు వేలెత్తి చూపిస్తుంటే నాకు శుభలేఖ గుర్తొచ్చింది. పని చేసిన దెయ్యానికి కూడా వాళ్ళు వంతెన మీద చోటిచ్చారు. కార్డు ముక్క మీద మా నాన్నకి నేనివ్వలేదు.

సినిమా వాళ్ళం కెమెరా ఎప్పుడూ పడవలోనే పెడతాం. హీరో పడవలో ఉంటాడు కాబట్టి. గట్టు మీద తలుపు తీసేవాడు ఒక్క క్షణం కనిపించి వెనక్కి వెళ్ళిపోతాడు.

ఇది రాసి పంపే ముందు ఇంటికి ఫోన్ చేశాను.

"నా ఉద్యోగం రాశావా?" అన్నారు నాన్న.

"రాశాను."

"ఏమని?"

"లష్కరు అని."

కాసేపు మాట లేదు. తర్వాత అన్నారు.

"లాకుల లష్కరు అని రాయి. ఉత్త లష్కర్లు చాలామంది ఉంటారు."