వెళ్ళొస్తానండీ

వీసా అన్న మాట చెవిన పడగానే మన తెలుగువాళ్ళకి చిలుకూరు బాలాజీ గుర్తుకొస్తాడు. ముందు 11 ప్రదక్షిణాలు చేసి మొక్కుకోవడం, పని జరిగాక 108 చేసి మొక్కు తీర్చుకోవడం. కాన్సులేటులో కిటికీ వెనక కూర్చున్న ఆఫీసరుకి మన పిల్లవాడి జవాబులు నచ్చాలి, జీతం నచ్చాలి, బ్యాంకులో నిలవ నచ్చాలి. ఈ నచ్చడాలేవీ మన చేతిలో లేవు గనక తీసుకెళ్ళి దేవుడి చేతిలో పెడతాం.

మా వదిన కూడా పెట్టింది. కానీ ఆవిడ కోపం దేవుడి మీదా కాదు, ఆఫీసరు మీదా కాదు, కోడలి పాస్‌పోర్టు మీద. కోడలు పోలండు పిల్ల. మా మేనల్లుడు గ్దాన్స్క్ అనే రేవు పట్టణంలో ఉద్యోగం చేస్తూ ఆ అమ్మాయిని చేసుకున్నాడు. 2025 వేసవిలో ఇద్దరూ లండన్ చూసి రావాలనుకున్నారు. ఆ అమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని, ఫోనుతో పాస్‌పోర్టుని ఓ ఫోటో, తన మొహాన్ని ఓ ఫోటో తీసి, నాలుగు ప్రశ్నలకి జవాబులు కొట్టి, డబ్బు కట్టేసి "అయిపోయింది" అందట. మావాడు మాత్రం ఆర్నెల్ల బ్యాంకు లెక్కలూ, జీతం చీటీలూ, ఆఫీసు వాళ్ళ ఉత్తరం, పెళ్ళి సర్టిఫికెట్టు అన్నీ పోగేసి, వేలిముద్రలివ్వడానికి ఒకరోజు సెలవు పెట్టి, ఆ తరవాత మూడు వారాలు ఎదురుచూశాడు. ఒకే కంచం, ఒకే మంచం అనుకునే మొగుడూ పెళ్ళాలకి సరిహద్దు దగ్గర రెండు క్యూలు!

"ఏం, మావాడేం దొంగా? ఆ పిల్లకేమైనా రెండు కొమ్ములున్నాయా?" అని వదిన ఫోనులో నామీద ధుమధుమలాడింది, ఆ చట్టం నేనే చేసినట్టు.

కొమ్ములు లేవు గాని, ఆ పిల్ల చేతిలో ఉన్న పాస్‌పోర్టు ఇవాళ ప్రపంచంలో గట్టి పాస్‌పోర్టుల్లో ఒకటి. దానితో యూరప్‌లో చాలా దేశాలకి పక్కవీధికి వెళ్ళినట్టు వెళ్ళి రావచ్చు. ఇంకొన్ని దేశాలు వీసా అడగవు, బయల్దేరేముందు ఒక అనుమతి తీసుకోమంటాయి. అమెరికా వాళ్ళ దానికి ఎస్టా అని పేరు, ఇంగ్లండు వాళ్ళదీ కెనడా వాళ్ళదీ ఈటీఏ. ఇది వీసా కాదని వాళ్ళే మరీమరీ చెబుతారు. వీసా అంటే కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగి ఇచ్చేది. ఇది వీధి గుమ్మంలో నిలబడి "ఎవరదీ?" అంటే "నేనేనండీ" అని పేరు చెప్పుకోవడం లాంటిది. పేరు చెప్పినంత మాత్రాన లోపలికి రానిస్తారని హామీ లేదు. తీరా విమానం దిగాక అక్కడి అధికారి వద్దంటే వెనక్కి తిరగవలసిందే. పైగా అది ఆ పాస్‌పోర్టు నంబరుకే అతుక్కుని ఉంటుంది. పాస్‌పోర్టు మారిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఈ ఇంగ్లండు గుమ్మం కథ తమాషాగా ఉంటుంది. 2004 మే 1న పోలండు యూరోపియన్ యూనియన్‌లో చేరాక పోలండు వాళ్ళు లండన్‌కి పాస్‌పోర్టు కూడా లేకుండా, జేబులో గుర్తింపు కార్డు పెట్టుకుని వెళ్ళిపోయేవారు. తరవాత ఇంగ్లండు ఆ కూటమిలోంచి వేరు కాపురం పెట్టింది. 2021 అక్టోబరు నుంచి చాలామందికి కార్డు చెల్లదు, పాస్‌పోర్టు ఉండాలన్నారు. 2025 ఏప్రిల్ 2 నుంచి పాస్‌పోర్టుతో పాటు ఈటీఏ కూడా ఉండాలన్నారు. తెరిచిన తలుపు ఎప్పటికీ తెరిచే ఉంటుందని ఎవరూ రాసివ్వరు కదా.

ఇక అమెరికా గుమ్మం తెరుచుకోవడానికి పట్టినంత కాలం ఏ గుమ్మానికీ పట్టలేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి 1779లో ప్రాణాలిచ్చిన పులాస్కీ పోలండు వాడే. చికాగోలో ఏ వీధికి వెళ్ళినా పోలిష్ మాట వినిపించే రోజులుండేవి. అయినా చుట్టుపక్కల దేశాలకి వీసా ఎత్తేసిన తరవాత కూడా పోలండు వాళ్ళు మాత్రం కాన్సులేటు ముందు నిలబడుతూనే ఉన్నారు. కారణమేమిటంటే, వీసా అడిగినవాళ్ళలో నూటికి ముగ్గురి కంటే తక్కువమందికి 'లేదు' అని చెప్పిన దేశానికే వీసా ఎత్తేస్తామని వాళ్ళ నిబంధన. లేదు అని చెప్పేదీ వాళ్ళే, ఎక్కువమందికి లేదన్నాం గనక మీకు వీసా తప్పదనేదీ వాళ్ళే! ఇలాంటి తర్కం అత్తవారిళ్ళలో తప్ప మరెక్కడా చూడలేదు నేను. చివరికి ఆ అంకె మూడు లోపుకి దిగింది. 2019 నవంబరు 11న, సరిగ్గా పోలండు స్వాతంత్ర్య దినం రోజునే, వీసా తీసేశారు. 90 రోజుల వరకూ ఎస్టాతో వెళ్ళి రావచ్చు. దాని రుసుము 21 డాలర్లుండేది, 2025 సెప్టెంబరు చివర 40 చేశారు. సరదాగా ఏ క్యూబాకో విహారం వెళ్ళొచ్చిన వాళ్ళకి మాత్రం ఎస్టా పనికిరాదు. పాత పద్ధతిలో వీసా, ఇంటర్వ్యూ తప్పవు.

ఇదంతా చెప్పి వదినని ఓదార్చాలనుకున్నాను గాని, ఆవిడకి ఓదార్పు అక్కర్లేదు, వాదన కావాలి. అందుకని ఇంకో సంగతి చెప్పాను. కోడలు వచ్చిన దగ్గర్నుంచీ పోలండు వాళ్ళ పుస్తకాలు దొరికినవల్లా చదవడం నాకలవాటైంది. చదువుతున్నకొద్దీ నాకు తోచిందేమిటంటే, మన ఇళ్ళల్లో గుమ్మం దిగేవాళ్ళు "వెళ్తున్నాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. పొరపాటున పిల్లలెవరైనా "వెళ్తా" అంటే "అదేం మాట, వెళ్ళొస్తా అను" అని అక్కడికక్కడే దిద్దుతాం. వీసా అనేది ఆ మాటలో మొదటి సగానికి సంబంధించింది. పోలండు వాళ్ళకి తరతరాలుగా చిక్కొచ్చిపడింది రెండో సగంతో.

షోపాన్ పేరు వినే ఉంటారు, పియానో సంగీతకారుడు. 1830 నవంబరులో, ఇరవయ్యేళ్ళ వాడు, కచేరీలు చేసుకు రావడానికి వార్సా నుంచి బయల్దేరాడు. అప్పటికి స్వతంత్ర దేశంగా పోలండు పటంలో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడూ కలిసి పంచుకున్నాయి. 1795 నుంచి 1918 దాకా, 123 ఏళ్ళు అదే పరిస్థితి. అతని చేతిలో ఉన్నది జారు చక్రవర్తి ఏలుబడి ఇచ్చిన పాస్‌పోర్టు. అతను వెళ్ళిన నాలుగు వారాలకే వార్సాలో జారు మీద తిరుగుబాటు లేచింది. వియన్నాలో నెలల తరబడి తంటాలు పడి, ఆఖరికి 'పారిస్ మీదుగా లండన్‌కి' అని పాస్‌పోర్టు మీద రాయించుకుని బయటపడ్డాడు. పారిస్‌లో దిగినవాడు కన్నుమూసేదాకా, 18 ఏళ్ళు, అక్కడే కాపురమున్నాడు. నేనిక్కడ దారిలో ఆగినవాణ్ణి మాత్రమేనని స్నేహితులతో హాస్యమాడేవాడట. రష్యా వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆ కాగితం పొడిగించుకోలేదు గనక ఇంటి దారి మూసుకుపోయింది. 1835లో తల్లిదండ్రులే కార్ల్స్‌బాడ్ దాకా వచ్చి కొడుకుని చూసుకు వెళ్ళారు. మళ్ళీ చూడలేదు.

1849లో జబ్బు ముదిరాక అక్క లుద్వికాకి ఉత్తరం రాశాడు, రాగలిగితే రమ్మని. ఆవిడ మొగుణ్ణీ కూతుర్నీ వెంటబెట్టుకుని పారిస్ వచ్చింది, ఆఖరి రోజుల్లో దగ్గరుంది. శరీరం పారిస్ మట్టిలోనే కలిసింది. గుండె మాత్రం, అతను కోరుకున్నట్టే, సారాయి పోసిన సీసాలో పెట్టి, పైబట్టల కింద దాచుకుని, సరిహద్దు తనిఖీ వాళ్ళ కన్నుగప్పి వార్సా చేర్చింది ఆ అక్క. ఈనాటికీ అక్కడ హోలీ క్రాస్ చర్చి స్తంభంలో ఉంది. మనం ఆవకాయ సీసాకి నాలుగు సంచులు చుట్టి కస్టమ్స్ వాళ్ళ కళ్ళపడకూడదని దణ్ణాలు పెట్టుకుంటాం. ఆ సీసా దగ్గర పెట్టుకుని అన్ని వందల మైళ్ళు ఆవిడ ఎలా కూర్చుందో!

పోనీ దేశం వచ్చాక సుఖపడ్డారా అంటే, అదీ లేదు. 1938లో, బయటి దేశాల్లో ఉంటున్న తన పౌరులు పాస్‌పోర్టు మీద కొత్త ముద్ర వేయించుకోకపోతే తిరిగి రానివ్వనని పోలండు ప్రభుత్వమే ఆజ్ఞ వేసింది. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఉన్న యూదుల్ని దృష్టిలో పెట్టుకుని వేసిన ఆజ్ఞ అది. గడువు దాటితే వీళ్ళు మనకే మిగిలిపోతారని హిట్లరు ప్రభుత్వం అక్టోబరు నెలాఖరున సుమారు 17,000 మందిని ఇళ్ళల్లోంచి లాగి సరిహద్దుకి తోసేసింది. అక్కడ వీళ్ళు రావద్దంటారు, వెనక వాళ్ళు పొమ్మంటారు. పసిపిల్లల తల్లులు రెండు దేశాల మధ్య చలిలో నిలబడ్డారు. అందరి దగ్గరా పాస్‌పోర్టులున్నాయి. ముద్రే లేదు.

యుద్ధం అయ్యాక వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వంలో పాస్‌పోర్టు మనిషి సొత్తు కాదు. మిలీషియా వాళ్ళ బీరువాలో ఉండేది. బయటి దేశం వెళ్ళాలంటే అక్కడివాళ్ళు పంపిన ఆహ్వానం జతచేసి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇస్తే వెళ్ళాలి. తిరిగొచ్చాక మళ్ళీ తీసుకెళ్ళి అప్పగించాలి, లైబ్రరీ పుస్తకం లాగా. మా కోడలి అమ్మమ్మ చికాగోలో ఉన్న అక్కని చూడ్డానికి రెండుసార్లు దరఖాస్తు పెట్టిందట. రెండుసార్లూ వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో చెప్పలేదు, ఈవిడ అడగనూలేదు.

కవి మీవోష్‌ది ఇంకో రకం చిక్కు. పోలండు దౌత్య ఉద్యోగి. 1950 డిసెంబరులో పండక్కి వార్సా వస్తే పాస్‌పోర్టు లాక్కున్నారు. భార్య యానీనా నిండు గర్భిణి, పెద్దపిల్లవాడితో అమెరికాలో ఉంది. విదేశాంగ మంత్రి భార్య కలగజేసుకుంటే పాస్‌పోర్టు తిరిగొచ్చింది. అది పుచ్చుకుని పారిస్ వెళ్ళినవాడు ఇక వెనక్కి రానని అక్కడే శరణు కోరాడు. సరే, పెళ్ళాం బిడ్డల దగ్గరికి వెళ్దామంటే, కమ్యూనిస్టు ప్రభుత్వంలో పనిచేశాడు గనక అమెరికా వీసా ఇవ్వనంది. 1953లో ఆవిడే ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఫ్రాన్సు వచ్చేదాకా రెండో కొడుకుని చూడలేదాయన. ఆయనకి 1980లో నోబెల్ బహుమతి వచ్చిందని అందరూ రాస్తారు. ఆ రెండేళ్ళూ బాలింతరాలు ఎలా నెట్టుకొచ్చిందో ఎవరూ రాయరు!

1968లో యూదుల మీద ప్రభుత్వం కక్ష కట్టినప్పుడు వేలమంది దేశం విడిచిపోయారు. వాళ్ళకి పాస్‌పోర్టు కాకుండా ఒక ప్రయాణ పత్రం ఇచ్చారు. ఇది పట్టుకున్న మనిషి పోలండు పౌరుడు కాడు అని దాని మీదే రాసి ఉంటుంది. వెళ్ళడానికి తప్ప రావడానికి పనికొచ్చేది కాదన్నమాట.

వీటన్నిటిలో నాకు మరీ మరీ గుర్తుండేది దనూతా. లెక్ వలేసా భార్య. గ్దాన్స్క్ ఓడల కార్ఖానాలో ఎలక్ట్రీషియన్‌గా ఉండి కార్మికుల్ని కూడగట్టిన వలేసాకి 1983లో శాంతి బహుమతి ప్రకటించారు. తీసుకోవడానికి ఓస్లో వెళితే మళ్ళీ దేశంలో అడుగుపెట్టనివ్వరేమోనని ఆయన భయం. ఆయన ఆగిపోయి, ఆవిణ్ణి పంపాడు. అప్పటికి ఏడుగురు పిల్లలు, ఆఖరిది రెండేళ్ళు కూడా నిండని పిల్ల. పదమూడేళ్ళ పెద్దకొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళి, రాజుగారి ఎదట నిలబడి, మొగుడి ప్రసంగం తొణక్కుండా చదివి, బహుమతి పుచ్చుకుని వచ్చింది. లోకమంతా వలేసా ధైర్యాన్ని మెచ్చుకుంది. నాకు మాత్రం బయల్దేరే ముందు ఆ తల్లి మిగతా ఆరుగురికీ ఏం చెప్పి గడప దాటిందో తెలుసుకోవాలనుంటుంది. మన భాషే అయితే "వెళ్ళొస్తా" అనే ఉంటుంది.

ఇది చెప్పాక వదిన కాసేపు మాట్లాడలేదు. తరవాత "ఆ పిల్ల మనూరు రావాలంటే మాత్రం మనవాళ్ళ వీసా కావాల్సిందేగా?" అంది, కాస్త తృప్తిగా.

కావాల్సిందే. 2019లో విజయవాడలో పెళ్ళికి ఆడపెళ్ళివారందరూ మన ఈ-వీసా ఫారాలు నింపారు. మన ఫారం సామాన్యమైంది కాదు సుమండీ! మతమేమిటి, చదువేమిటి, అమ్మా నాన్నలు ఎక్కడ పుట్టారు, తాత ముత్తాతలు పాకిస్తాన్ వాళ్ళా, ఒంటి మీద కనిపించే గుర్తులేమిటి, గత పదేళ్ళలో ఏయే దేశాలు తిరిగారు, అన్నీ కావాలి. పెళ్ళికూతురు నాకు ఫోను చేసి, "అత్తయ్యా, గుర్తు అంటే పుట్టుమచ్చ సరిపోతుందా?" అనడిగింది. మా పదోతరగతి సర్టిఫికెట్లలో అందరికీ అవేనమ్మా అన్నాను.

అసలు చిక్కు అమ్మమ్మ దగ్గరొచ్చింది. చికాగో వెళ్ళలేకపోయిన ఆవిడ, 81 ఏళ్ళ వయసులో మనవరాలి పెళ్ళికి వస్తానని పట్టుబట్టింది. ఆవిడ 1938లో విల్నోలో పుట్టింది. అప్పుడది పోలండు. యుద్ధం తరవాత సరిహద్దులు జరిపితే, ఊరు సోవియట్ యూనియన్ లోకి వెళ్ళిపోయింది, ఆ ఊరి పోలిష్ వాళ్ళని రైళ్ళెక్కించి గ్దాన్స్క్ వైపు పంపేశారు. ఇప్పుడది విల్నియస్, లిథువేనియా రాజధాని. ఫారంలో 'పుట్టిన దేశం' అన్నచోట జాబితాలోంచి ఒకటి ఎంచుకోవాలి. మనవరాలు ఇప్పటి పేరు పెట్టాలంది. ఆవిడ ససేమిరా అంది. నేను పుట్టింది ఎక్కడో నాకు తెలీదా, కంప్యూటరుకి తెలుసా అని. చాలాసేపు వాదించుకున్నాక, దేశం దగ్గర లిథువేనియా పెట్టనిచ్చింది గాని, ఊరి పేరు మాత్రం తనే కొడతానని కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'విల్నో' అని కొట్టింది.

మూడోరోజుకి వీసా వచ్చింది. పెళ్ళిలో రెండు రకాల గారెలూ తింది.